అరుపు వేరు, ఆవేశం వేరు

మా రోజుల్లో మాట గుండెకి తగిలేది. ఇప్పుడు చెవికి తగిలి అక్కడే గింగురుమంటోంది.

మొన్న మా మనవడు సెల్లులో ఎవరో వక్తని చూపించాడు. "భలే మోటివేషన్ ఇస్తాడు, చూడు తాతయ్యా" అన్నాడు. చూశాను. మొదటి మాట నుంచే కేకలు, వెనకాల ఢమఢమా సంగీతం. అమ్మ గురించీ అదే అరుపు, అప్పుల గురించీ అదే అరుపు. టీవీ వార్తలూ అంతే. లారీ బోల్తా పడ్డా, ప్రభుత్వం పడిపోయినా ఒకటే ఊపు. ఇక పరామర్శల సంగతి చెప్పక్కర్లేదు. మనిషి పోయాడంటే దండం బొమ్మ ఒకటి, కన్నీటి బొమ్మ ఒకటి నొక్కేసి, మరు నిమిషంలో బిర్యానీ ఫొటో పెడతారు!

మా రోజుల్లో బుర్రకథ ఉండేది. నడుమ కథకుడు, భుజాన తంబురా, చేతికి అందెలు, కాళ్లకి గజ్జెలు. అటొకరు ఇటొకరు గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. బొబ్బిలి యుద్ధం కథే తీసుకోండి. 1757లో బొబ్బిలి కోట కూలిందని పందిట్లో పసివాడికి కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కదలకుండా కూర్చునేవాళ్లం. తెలిసిన కథకే ఏడిపించడం వాళ్ల విద్య.

ఎలాగంటారా? బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు కోటకి వచ్చేసరికే అంతా అయిపోయిందని చెప్పే ఘట్టం దగ్గర పడుతోందనగా హాస్యం వంత ఓ చమత్కారం విసిరేవాడు. జనం పడీ పడీ నవ్వేవారు. ఆ నవ్వు సద్దుమణగక ముందే గుమ్మెటలు ఆగేవి, గజ్జెల అడుగు నిలిచేది. కథకుడు గొంతు తగ్గించి ఒక్క మాట అనేవాడు. అంతే, ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ముక్కు చీదుళ్లు! నవ్వి మెత్తబడ్డ మనసులోకి దుఃఖం తేలిగ్గా దిగుతుంది. ఈ కిటుకు ఇప్పటి వక్తల ఏ స్లైడులోనూ దొరకదు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లు షేక్ నాజర్ పేరు ఇప్పటి కుర్రాళ్లలో ఎందరికి తెలుసు? ప్రజానాట్యమండలి బుర్రకథని ఊరూరా తిప్పిన మనిషి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. పేదింట పుట్టి ఆకలి ఎరిగినవాడు కాబట్టే ఆయన నోట ఆకలి మాట వస్తే జనం కదిలిపోయేవారు. ఆ కన్నీరు అరువు తెచ్చుకున్నది కాదు.

"భావోద్వేగం నటనే కదా" అంటారు తెలివైనవాళ్లు. నటనే అనుకోండి. కానీ ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన నటన అది. ఇప్పటి వక్తలదేమో ఆపడం తెలియని గోల.

కాబట్టి మైకు పట్టుకునే కుర్రాళ్లకి నేను చెప్పేది ఇంతే. ముందు ఆ వెనకాల సంగీతం ఆపించండి. చెప్పేది మీకు నిజంగా తగిలిందో లేదో చూసుకోండి. తగిలితే మెల్లిగా చెప్పినా మేం వింటాం. తగలకపోతే మైకు పక్కవాడికి ఇచ్చి దిగండి.