‘పాటలన్నీ ఒకేలా ఉన్నాయి’ అను వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలం: “బాగానే ఉంది గానీ, పాటలన్నీ ఒకేలా ఉన్నాయి.”

అవతారిక: టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ ‘ది టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్’ 2024 ఏప్రిల్ 19న వెలువడింది. ముందు పదహారు పాటలు. రెండు గంటలు గడిచాయో లేదో మరో పదిహేను. వెరసి 31 పాటలు, రెండు గంటలు దాటిన నిడివి. పై వాక్యం నాటి నుంచే శ్రోతల నోళ్లలో నానుతోంది. కర్త ఎవరో తెలియదు. చాటువుల విషయంలో మనకిది అలవాటే. అభిమానులు దీన్ని బద్ధకస్తుల మాటగా కొట్టిపారేశారు. ఇది బద్ధకం కాదనీ, చెవి ఇచ్చిన నిజమైన సాక్ష్యమనీ ఈ వ్యాఖ్య పక్షం.

ప్రతిపదార్థం: బాగానే = అభిమానులు దండెత్తకుండునంతగా; ఉంది గానీ = ఇక అసలు మాట చెప్పెదను; పాటలన్నీ = ఓపిక ఉన్నంత మేరకు విన్నవన్నీ; ఒకేలా = ఒకే నడకతో, ఒకే సింథసైజర్ శ్రుతితో; ఉన్నాయి = నాకట్లు తోచినవి. మొదటి పదానికి చెప్పిన అర్థం విపరీతమనుకోవద్దు. ఈ ఆల్బమ్ మీద పేస్ట్ పత్రిక రాసిన ఘాటైన సమీక్షకు సమీక్షకుల పేరు పెట్టలేదు. 2019లో ‘లవర్’ ఆల్బమ్‌ను సమీక్షించిన వారికి బెదిరింపులు వచ్చాయని పత్రికే కారణం చెప్పింది. కాబట్టి ‘బాగానే’ అన్నది ప్రశంస కాదు, రక్షాకవచం.

తాత్పర్యం: పాటల్లో చాలా భాగం జాక్ ఆంటొనాఫ్, ఆరన్ డెస్నర్ అనే ఇద్దరి తోడ్పాటుతో తయారైంది. మాటలు పొంగి పొర్లుతాయి, వరస మాత్రం నాలుగు స్వరాల గట్టు దాటదు. అయినా ఏ పాటకా పాట వేరని అభిమానులు ప్రమాణం చేస్తారు. వాళ్లూ అబద్ధమాడటం లేదు. వాళ్లు వినడం లేదు, చదువుతున్నారు. ఆ చదువు నేర్పింది ఆమే. 2006 నాటి తొలి ఆల్బమ్ నుంచి 2014లో వచ్చిన ‘1989’ దాకా పాటల పుస్తకాల్లో పెద్ద అక్షరాలు ఏరి కలిపితే రహస్య సందేశం వచ్చేది. ఈ ఆల్బమ్‌లోనూ ఒక పాట శీర్షికలో మూడు పెద్ద అక్షరాలు కలిపితే ‘కిమ్’ అవుతుంది. బంధకవిత్వం రాసిన మన ప్రబంధకవులు చూస్తే ముచ్చటపడేవారు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి మాత్రం, ఏ చరణం ఏ మాజీ ప్రియుడిదో తేల్చే ఈ వ్యాఖ్యాతలను చూసి కలం కింద పెట్టేసేవాడు.

పూర్వపక్షం: తోడిలో త్యాగరాజు ఎన్నో కృతులు చేశారు, అన్నీ ఒకేలా ఉన్నాయంటామా? అనం. రాగం ఒకటే అయినా పల్లవి ఎత్తుగడలోనే ఏ కృతో తెలిసిపోతుంది. సాహిత్యం తెలియని చెవికి కూడా తెలుస్తుంది. ఈ ఆల్బమ్‌లో ఆ పరీక్షకు నిలిచేవి కొన్నే: ‘సో లాంగ్, లండన్’ నిలుస్తుంది, ‘ఫోర్ట్‌నైట్’ నిలుస్తుంది. మిగతా వాటిలో చాలావాటిని మాటలు చూస్తే తప్ప గుర్తుపట్టలేం. పాటగా అమ్మినదాన్ని పాటగా తూచడం శ్రోత తప్పు కాదు.

రెండో ఆక్షేపం కొంచెం గట్టిది: ఒక్కసారి విని తీర్పు చెప్పవచ్చునా, నెమ్మదిగా ఎక్కే పాటలుండవా? ఉంటాయి. కానీ అమ్మకంలో ఆ నెమ్మది ఏదీ? ఒక్కో బోనస్ పాట తగిలించి నాలుగు రకాల ప్రతులు అమ్మారు; ఆ నాలుగు పాటలూ తర్వాతి పదిహేనులో ఎలాగూ వచ్చేశాయి. అమెరికాలో మొదటి వారం లెక్క 26 లక్షల పైచిలుకు యూనిట్లు. కొనడానికి మొదటి రోజే ముహూర్తమైతే, తీర్పుకు ఆరు నెలల గడువు అడగడం న్యాయం కాదు.

కనుక మూలవాక్యం నిలిచింది. సవరణ ఒక్కటే, ‘అన్నీ’ స్థానంలో ‘చాలా’ అని చదువుకోవాలి. పదహారుతో ఆపి, తర్వాతి పదిహేనులో ‘ది బ్లాక్ డాగ్’ను మాత్రం చేర్చుకుని ఉంటే ఆ సవరణా అక్కర్లేదు, మూలమూ పుట్టేది కాదు.