సంతకం వెతుకులాటలో నలభై ఒక్కేళ్లు

మొత్తానికి 1983 అస్సాం ఎన్నికల నాటి హింసపై తివారీ కమిషన్ ఇచ్చిన నివేదిక నకిలీది కాదని తేలింది. 2025 నవంబరు 25న అస్సాం శాసనసభ ముందుకు రానే వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే, ముఖ్యమంత్రి హిమంత బిశ్వశర్మ చెప్పిన సంజాయిషీని పటం కట్టించి పెట్టుకోవచ్చు. ప్రభుత్వం దగ్గరున్న ప్రతుల మీద తివారీగారి సంతకం లేదట. అది అసలుదో కాదో తేల్చుకోలేక సందేహంలో ఉండిపోయారట. చివరికి ఆనాటి గుమాస్తాలను పిలిచి అడిగి, ఫోరెన్సిక్ పరీక్షలు చేయించి, అసలుదేనని నిర్ధారించుకున్నారట.

1983 జులైలో కమిషన్ వేసింది ప్రభుత్వం. 1984 మేలో నివేదిక పుచ్చుకున్నదీ ప్రభుత్వమే. తివారీ కొండగుహలో తపస్సు చేసుకునే మునేమీ కాదు, ఐఏఎస్ అధికారి. వేలిముద్ర సరిగా పడలేదని కాటికి కాళ్లు చాపిన పింఛనుదారుణ్ణి ఆఫీసు చుట్టూ మళ్లీ మళ్లీ తిప్పే సర్కారుకు, ఈ ఒక్క కాగితం పట్టుకుని ఆయన ఇంటికి ప్యూనును పంపాలని తోచలేదు.

అప్పటి ముఖ్యమంత్రి హితేశ్వర్ సైకియాకు తోచలేదు. ఆయన తర్వాత గద్దెనెక్కిన ప్రఫుల్ల మహంతకు తోచలేదు. పదిహేనేళ్లు ఏలిన తరుణ్ గొగోయ్‌కూ తోచలేదు. ఆయన మంత్రివర్గంలో ఏళ్ల తరబడి కూర్చున్న హిమంతగారికి అప్పుడు తోచలేదు. 2016లో బీజేపీ గద్దెనెక్కింది. ముఖ్యమంత్రిగా సోనోవాల్ అయిదేళ్లూ గడిచాయి. తీరా మళ్లీ అసెంబ్లీ ఎన్నికలు నెలల దూరంలోకి వచ్చాక సంతకం సమస్య ఇట్టే విడిపోయింది. పాత ప్రభుత్వాలకు ధైర్యం లేకపోయిందని ముఖ్యమంత్రి అన్నారు. తొమ్మిదేళ్లు దాచుకున్న ధైర్యం మరి ఎక్కడిదో!

సంతకం సంగతి తేలింది కాబట్టి లోపల ఏముందో చూడాలి. హింసకు ఎన్నికలను తప్పుపట్టలేమని అందులో ఉంది. ఎన్నికలది తప్పు కాదు. ఎన్నికల సంఘానిదీ, ఢిల్లీదీ అసలే కాదు. విదేశీయుల సమస్య, ఆందోళనకారులు, పాత పగలు, ఇవే కారణాలు. అవన్నీ కారణాలే, ఎవరు కాదన్నారు? కానీ ఏ ఓటర్ల జాబితాలో విదేశీయులు చేరారని 1979 నుంచి రాష్ట్రం అట్టుడుకుతోందో, ఆ 1979 జాబితానే చేతపట్టుకుని ఓట్లడగడానికి బయల్దేరింది ఎవరు? ఆందోళన నడుపుతున్న విద్యార్థి సంఘం ఆసు బహిష్కరణ పిలుపు ఇచ్చింది. ఓటు వేసేవాడిని ద్రోహి అన్నారు. అయినా 1983 ఫిబ్రవరి 14, 17, 20 తేదీల్లో పోలింగ్ పెట్టారు. తెలుగునాట ఎన్టీఆర్ గెలుపు ముచ్చట్లింకా చల్లారని రోజులవి. అక్కడ మాత్రం బ్యాలెట్ పెట్టె సైన్యం కాపలాతో కదిలింది.

రాష్ట్రపతి పాలన గడువు ముగుస్తోంది, రాజ్యాంగం ఒప్పుకోదు, గత్యంతరం లేదన్నారు. ఆ తర్వాత పంజాబ్ విషయం వచ్చేసరికి అదే రాజ్యాంగాన్ని సవరించి, మళ్లీ సవరించి రాష్ట్రపతి పాలనను దాదాపు అయిదేళ్లు సాగదీశారు. పంజాబ్‌కు వంగిన రాజ్యాంగం అస్సాంకు వంగలేదు!

ఇక నవ్వడానికేమీ లేదు. ఫిబ్రవరి 15న నౌగావ్ పోలీసు ఠాణా నుంచి వైర్‌లెస్ సందేశం వెళ్లింది. డప్పులు కొట్టుకుంటూ సుమారు వెయ్యి మంది మారణాయుధాలతో నెల్లీ దగ్గర పోగయ్యారు, మైనారిటీలు భయంతో వణికిపోతున్నారు, వెంటనే చర్య తీసుకోండి అన్నది దాని సారాంశం. ఆ సమయానికి రాష్ట్రం నిండా కేంద్ర బలగాలే. వాళ్లు పోలింగ్ బూత్‌లకు కాపలా కాశారు. 18వ తేదీ ఉదయం దాడి మొదలైంది. సుమారు ఆరు గంటల్లో పద్నాలుగు గ్రామాలు తగలబడ్డాయి. అధికారిక లెక్క ప్రకారమే చనిపోయినవాళ్లు దాదాపు 1,800 మంది. బెంగాలీ మూలాల ముస్లింలు. ఎక్కువ మంది పరుగెత్తలేని ఆడవాళ్లు, పిల్లలు. మూడు రోజుల ముందు కబురు అందినా వాళ్లను కాపాడే నాథుడు లేకపోయాడు. ఓటు పెట్టెకు ఉన్న బందోబస్తు ఓటరుకు లేదు. దీన్ని ఎన్నికల తప్పు కాదనడానికి ఎంత తెగింపు కావాలి!

ఆ పోలింగ్‌లో ఓటేసినవాళ్లు నూటికి 33 మంది లోపే. ఎన్నిక జరిగిన 109 స్థానాల్లో కాంగ్రెస్ 91 గెలిచింది. ప్రభుత్వం ఏర్పడింది. రాజ్యాంగం గట్టెక్కింది.

చనిపోయిన మనిషికి అయిదు వేల రూపాయలు ఇచ్చారు.

ముఖ్యమంత్రి అదే సభలో టి.యు. మెహతా అనధికార కమిషన్ నివేదిక కూడా పెట్టారు. అది ఎన్నికలు రుద్దడాన్నే తప్పుపట్టింది. ఒకే బల్ల మీద రెండు తీర్పులు. ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకోవచ్చు. నాటి కాంగ్రెస్‌ను తిట్టదలచినవాడికి ఒకటి, ఆందోళనకారులను తిట్టదలచినవాడికి ఇంకొకటి. నెల్లీలో తల్లినీ పిల్లలనూ పోగొట్టుకున్నవాడు ఏది తీసుకోవాలి?

అతనికి అక్కరకొచ్చే కాగితాలు వేరే ఉన్నాయి. నెల్లీ మీద 688 కేసులు నమోదయ్యాయి. సాక్ష్యం లేదని 378 మూసేశారు. 310 కేసుల్లో అభియోగపత్రాలు దాఖలయ్యాయి. అంటే అక్కడ సాక్ష్యం ఉందని పోలీసులే ఒప్పుకున్నారు. ఆందోళనకారులతో కేంద్రం కుదుర్చుకున్న 1985 అస్సాం ఒప్పందం తర్వాత వాటినీ ఎత్తేశారు. సంతకం లేని నివేదికను పరీక్షించడానికి అంత శ్రమపడ్డ ప్రభుత్వం ఆ 310 కేసుల ఫైళ్లూ సభలో పెట్టాలి. ఒక్కో కేసును ఏ తేదీన, ఎవరి ఆదేశంతో ఎత్తేశారో చెప్పాలి. నెల్లీ హత్యలకు ఇప్పటివరకు ఒక్కరికి కూడా శిక్ష పడలేదు.