చలువరాయి చూసి మోసపోయాను

ఢిల్లీలో మా ద్వారకలో నాకు గాలిబ్ అభిమానినని పేరు. నాకు నేనే తెచ్చుకున్న పేరది. ఉర్దూ అక్షరమ్ముక్క రాదు. దాశరథి తెలుగు చేసిన ‘గాలిబ్ గీతాలు’, అందులో బాపు బొమ్మలు, నా పాండిత్యమంతా అక్కడికి సరి. అయినా గుంటూరు నుంచి బావమరిది వస్తే నోరు ఊరుకోలేదు. ఎర్రకోట తర్వాత చూద్దువుగానిలే అని బ్లూ లైన్ మెట్రో ఎక్కించి, మండీ హౌస్‌లో మార్చి, నిజాముద్దీన్ బస్తీకి లాక్కుపోయాను.

సందు నిండా గులాబీ రేకుల బుట్టలు, చెప్పులు ఇక్కడ వదలమని కేకలు. ఒక చిన్న గోడ పక్కన ఆగి నీళ్ల సీసా కొనుక్కుని, నేరుగా చౌంసఠ్ ఖంబా ఆవరణలోకి నడిచాం. తెల్లటి చలువరాతి మంటపం, అరవై నాలుగు స్తంభాలు, జాలీ తెరలు. ఇక ఆగుతానా? “చూశావా, మొగలాయిలు కవిని ఎంత గొప్పగా పెట్టుకున్నారో!” అని అందుకున్నాను. వాడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

“లోపల ఇన్ని గోరీలున్నాయి, గాలిబ్‌ది ఏది బావా?”

అన్నిట్లోకీ బాగున్నది చూపించాను. చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డాను కూడా.

కాపలా మనిషి చెప్పాడు, అది మిర్జా అజీజ్ కోకాదని. అక్బర్‌కు పాలిచ్చిన తల్లి కొడుకు, గుజరాత్‌ను ఏలిన సుబేదారు, 1624లో పోయాడు. గాలిబ్ పోయింది 1869లో. అప్పటికి మొగలు రాజ్యమే లేదు, ఆఖరి బాదుషా రంగూన్‌లో కన్నుమూసి ఆరేళ్లు దాటింది. ఈపాటి లెక్క స్కూలు పిల్లాడికైనా తెలుస్తుంది. పింఛను కోసం కలకత్తా దాకా వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చిన మనిషికి అంత మంటపం ఎవరు కడతారని నాకు తట్టనే లేదు.

గాలిబ్ ఉన్నది మేం నీళ్ల సీసా కొన్న గోడకు అవతల. భార్య తరఫు లోహారూ నవాబుల శ్మశానంలో ఒక మూల. ఇప్పుడున్న చిన్న చలువరాతి గది కూడా 1955లో అభిమానులు కట్టించిందే. తల దగ్గర రాతిమీద పారశీక అక్షరాలు. నాకు ఒక్కటీ చదవడం రాలేదు. ఈసారి బావమరిది ఏమీ అడగలేదు.

ఆ వీడియో మా అత్తగారింట్లో అందరూ చూశారు. మీరు వెళ్తే మంటపం దాకా పోకండి, దానికి ముందే గాలిబ్ అకాడమీ పక్కన చిన్న గేటు ఉంటుంది, అందులోకి తిరగండి.