వెనక వరసలో ట్యాబ్

మా బడికి లాటరీ తగిలింది. డబ్బు కాదు లెండి, పరిశోధన. టీచర్ల శిక్షణ ఏమాత్రం పనిచేస్తుందో తేల్చడానికి బళ్ళ పేర్లన్నీ కంప్యూటర్లో వేసి చీట్లు తీశారట. కొన్నింటికి కొత్త శిక్షణ, కొన్నింటికి శూన్యం. శూన్యం వచ్చినవాటిని 'కంట్రోల్' బళ్ళంటారు. పక్కూరి హెచ్.ఎం. అది విని, "మా బడి కంట్రోల్లో ఉందని వీళ్ళకెవరు చెప్పారండీ?" అని బిత్తరపోయాడు.

మాకు శిక్షణే దక్కింది. ముందుగా అంగీకార పత్రం. ఇష్టమైతేనే సంతకం పెట్టండి, ఎప్పుడైనా తప్పుకోవచ్చు అని అందులో స్పష్టంగా ఉంది. సాయంత్రం నాలుగులోగా అందరి సంతకాలూ పంపాలని పైఆఫీసు వాట్సాప్ గ్రూపులో అంతకన్నా స్పష్టంగా ఉంది. మేమంతా ఇష్టపడ్డాం.

శిక్షణ ఐదు రోజులు. పిల్లల్ని వరసల్లో కూర్చోబెట్టి గంటలకొద్దీ ఉపన్యాసాలివ్వరాదని మమ్మల్ని వరసల్లో కూర్చోబెట్టి గంటలకొద్దీ చెప్పారు. మొదట ఓ పరీక్ష, చివర అదే పరీక్ష. రెండోసారి మార్కులు పెరిగాయి. ప్రశ్నలు గుర్తున్నాయి మరి!

ఆ తర్వాత పరిశీలకుడు దిగాడు. పాతికేళ్ళ కుర్రాడు, మంచివాడు, టీ కూడా తాగడు. ట్యాబ్ పట్టుకుని వెనక వరసలో కూర్చుని టీచరు ఏం చేస్తే దానికి టిక్కు పెడుతుంటాడు. చెప్పకుండానే వస్తాడు గానీ అతని బైకు మాత్రం చెప్పే వస్తుంది. గేటు దగ్గర చప్పుడు వినబడితే చాలు, బీరువాలోంచి టీఎల్ఎం, అంటే బోధన సామగ్రి, దిగుతుంది, చింతపిక్కలతో కూడికలు మొదలవుతాయి. మొన్న నేనింకా నోరు తెరవకముందే నాలుగో తరగతి పిల్లాడు లేచి, "సార్, జట్లు కట్టేయమంటారా?" అన్నాడు. బైకు వెళ్ళాక జట్లు మళ్ళీ వరసలైపోతాయి.

ఇది మా బడి గుట్టే అనుకునేవాణ్ణి. కాదట. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 100 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల మీద ఓ ప్రయోగం మొదలుపెట్టారు. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు రాసిచ్చి, మనుషుల్ని పంపి తరగతుల్లో పాఠాలెలా చెబుతున్నారో గమనించారు. ఫలితం 2010లో అచ్చయింది. చూస్తున్నంతసేపూ టీచర్లు బాగా కష్టపడ్డారు. తీరా పిల్లలకు పరీక్ష పెడితే, ఇవేవీ అందని బళ్ళ పిల్లలకూ వీళ్ళకూ తేడా లేదు. అదే ఇద్దరూ మరికొన్ని బళ్ళలో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ అన్నారు. అక్కడ మాత్రం పెరిగాయి. ఈ మాట మా స్టాఫ్ రూములో చదివితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ బోనస్ ఇప్పుడు ఇస్తున్నారా అని మాత్రం ముగ్గురు అడిగారు.

నాకు తట్టిన సందేహం వేరు. ఎవరో చూస్తుంటే బాగా చెప్పగలుగుతున్నామంటే, బాగా చెప్పడం మాకు వచ్చనే కదా అర్థం! వచ్చినదాన్నే ఏటా ఐదు రోజులు మళ్ళీ నేర్పుతున్నారు. బైకు రాని రోజున నేనేం చేస్తున్నానో అడిగేవాడు లేడు. రెండు తరగతులు ఒకే గదిలో కలిపి, ఒక కన్ను పిల్లల మీదా ఒక కన్ను ఫోన్ మీదా పెట్టి, హాజరు ఒక యాప్‌లో, మధ్యాహ్న భోజనం లెక్క ఇంకో యాప్‌లో ఎక్కిస్తుంటాను. నెట్‌వర్క్ దొరికేది వేపచెట్టు కింద. పాఠం దొరికేది గదిలో. ట్యాబ్‌లో ఈ చెట్టుకు గడి లేదు, నేను చూశాను.

వచ్చే వారం మళ్ళీ వస్తానన్న ఆ కుర్రాడికి ఒక్క మనవి. ఈసారి వెనక వరసలో కూర్చోకు నాయనా. ఒకటో తరగతి టీచరమ్మ మీ శిక్షణకే వెళ్ళింది, శనివారం దాకా రాదు. ఆ గదిలో ముందు కుర్చీ ఖాళీగా ఉంది.