అటక మీద అనంత శక్తి

ఉచితంగా కరెంటు పుట్టించే యంత్రాలకు ఒంట్లో ఒక చిత్రమైన బలహీనత ఉంది. పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు హాయిగా తిరుగుతాయి. మీటరు పట్టుకుని ఎవరైనా గదిలో అడుగుపెట్టారో, వెంటనే నలత చేస్తుంది.

ఐర్లండ్ కంపెనీ స్టియోర్న్ సంగతే చూడండి. అయస్కాంతాలతో ఖర్చులేని శక్తి పుట్టిస్తున్నాం, దమ్ముంటే వచ్చి పరీక్షించుకోండంటూ 2006 ఆగస్టులో ‘ది ఎకనమిస్ట్’ పత్రికలో శాస్త్రవేత్తలకు సవాలు విసిరింది. మరుసటి ఏడాది జులైలో లండన్ కైనెటికా మ్యూజియంలో జనానికి చూపిస్తామంది. ముహూర్తం వచ్చింది గానీ చక్రం తిరగలేదు. దీపాల వేడి పడలేదట! లోకానికంతా వెలుగు పంచవలసిన యంత్రం నాలుగు లైట్లకే సొమ్మసిల్లింది.

2009 జూన్‌లో, కంపెనీ తానే ఏరికోరి పెట్టుకున్న నిపుణుల బృందం, ఇందులో శక్తి పుట్టిన దాఖలా ఏదీ చూపలేదని ఏకగ్రీవంగా తేల్చేసింది. అదే ఏడాది డిసెంబరులో డబ్లిన్‌లో మళ్లీ ప్రదర్శన. ఈసారి చక్రం తిరిగింది. కాకపోతే పక్కనే ఓ బ్యాటరీ తగిలించి ఉంది. బ్యాటరీ చక్రాన్ని తిప్పుతోందా అంటే, కాదు, చక్రమే బ్యాటరీని ఛార్జ్ చేస్తోందన్నారు.

అయస్కాంతం పాపం ఎవరినీ మోసం చెయ్యదు. దగ్గరికి లాక్కునేటప్పుడు ఇచ్చిన శక్తిని, దూరం జరిగేటప్పుడు వడ్డీ వ్యాపారిలా పైసాతో సహా రాబట్టుకుంటుంది. బేరింగుల రాపిడికి పోయేది అదనం. చక్రం ఒక చుట్టు తిరిగొచ్చేసరికి చేతిలో మిగిలేది సున్నా కన్నా తక్కువే.

ఈ రంగంలో అసలైన ప్రతిభావంతుడు చార్లెస్ రెడ్‌హెఫర్. 1812లో ఫిలడెల్ఫియాలో ఆయన యంత్రం తనంతట తాను తిరుగుతూ ఇంకో యంత్రాన్ని కూడా తిప్పేది. తనిఖీకి వచ్చినవాళ్లు కిటికీలోంచి చూసి పోవాల్సిందే. అయినా ఓ కుర్రాడి కన్ను పళ్లచక్రం మీద పడింది. పళ్లు అరగాల్సిన వైపు కాక రెండో వైపు అరిగి ఉన్నాయి. అంటే ‘తిరుగుతున్న’ యంత్రమే ‘తిప్పుతున్న’ యంత్రమన్నమాట!

అక్కడ పరువు పోయాక రెడ్‌హెఫర్ మకాం న్యూయార్క్‌కు మార్చాడు. 1813లో స్టీమర్ల రాబర్ట్ ఫుల్టన్ చూడటానికి వచ్చాడు. చూశాడనడం కన్నా విన్నాడనాలి. చక్రం చప్పుడు ఒక్క తీరుగా లేదు, ఓసారి జోరుగా, ఓసారి మందంగా. ఇది చేత్తో తిప్పుతున్న చక్రమే అన్నాడు. తప్పైతే నష్టం కట్టిస్తానని చెప్పి, గోడవైపు రెండు చెక్కలు పీకేశాడు. వెనకాల పేగుతో చేసిన తాడు. దాన్ని పట్టుకుని మేడెక్కితే, అటకలో గడ్డపు ముసలాయన రొట్టెముక్క నములుతూ ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతున్నాడు. కింద టిక్కెట్టు కొన్న జనం యంత్రాన్ని ముక్కలు చేశారు. రెడ్‌హెఫర్ పరార్. ఆ ముసలాయనకు కూలి ముట్టిందో లేదో ఎవరూ రాయలేదు.

నమ్మినవాళ్లను ఇవేవీ కదిలించవు. చమురు కంపెనీలు తొక్కేస్తున్నాయన్నది వాళ్ల ఎవర్‌గ్రీన్ జవాబు. నీళ్లతో కారు నడుపుతానన్న స్టాన్లీ మేయర్‌ది ఘోరమైన మోసమని 1996లో ఒహాయో కోర్టు తేల్చి, ఇద్దరు పెట్టుబడిదారులకు 25 వేల డాలర్లు తిరిగి ఇమ్మంది. 1998లో ఆయన రెస్టారెంట్‌లో కుప్పకూలి చనిపోతే, భక్తులు విషప్రయోగమన్నారు. మెదడులో రక్తనాళం చిట్లిందని కరోనర్ నివేదిక. మిసిసిపీకి చెందిన జోసెఫ్ న్యూమన్ యంత్రాన్ని 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎలా పరీక్షించినా గుంజిన కరెంటు కన్నా ఇచ్చిన కరెంటే తక్కువ. అది కూడా కుట్రే.

ఇన్ని కుట్రల మధ్య ఒక్క చిన్న పని మాత్రం ఏ చమురు కంపెనీ అడ్డుకోలేదు. యంత్రం కనిపెట్టినవాడు తన షెడ్డుకు కరెంటు కనెక్షన్ పీకించుకుని ఏడాదిపాటు సొంత యంత్రం మీద బతికి చూపడం. ఆ దుస్సాహసానికి ఎవరూ దిగరెందుకో!

స్టియోర్న్ 2015లో ఆర్బో క్యూబ్ అనే ఫోన్ ఛార్జర్‌తో మళ్లీ వచ్చింది. ధర 1,200 యూరోలు. మరుసటి ఏడాదే కంపెనీ మూతపడింది. అప్పటికి అందులో జనం పోసిన సొమ్ము 2 కోట్ల యూరోల పైమాటే.