‘మై’ పంచకానికి టీకా తాత్పర్యం

మూలం: మై మై మై మై మై?

ఇది మేక అరుపు కాదు, సంగీత సాధకమూ కాదు. థాయ్ భాష మొదలుపెట్టినవాణ్ణి హడలగొట్టే నిఖార్సైన వాక్యం.

ప్రతిపదార్థం: మై = చెక్క; మై = కొత్తది; మై = కాదు; మై = కాలడం; మై = కదా? తెలుగు లిపి ఇక్కడ చేతులెత్తేసింది. థాయ్ లిపిలో ఐదింటికీ ఐదు రాతలు. (పలికేటప్పుడు చెక్కను కాస్త సాగదీస్తారు.)

టీక: థాయ్‌లో స్వరాలు ఐదు. అక్షరం నెత్తిన పెట్టే గుర్తులు నాలుగు: మై ఏక్, మై థో, మై త్రీ, మై చత్తవా. ఇక్కడి ‘మై’ కూడా ఆ చెక్కే! స్వరాలకూ ఇవే అంకెలు: ఏక్ అంటే కింది స్వరం, థో పైనుంచి జారేది, త్రీ పై స్వరం, చత్తవా కిందినుంచి లేచేది. గుర్తులేని మామూలు స్వరం ఐదోది. ఏక, త్రి, చతుర్ వినబడగానే తెలుగువాడికి ప్రాణం లేచొస్తుంది. ఏక్ గుర్తుకి ఏక్ స్వరం, అంతేగా అనుకుంటాడు. అక్కడే బోల్తా.

గుర్తుకంటే ముందు అది ఎవరి నెత్తిన ఉందో చూడాలి. 44 హల్లుల్లో మధ్యవర్గం 9, పైవర్గం 11, కిందివర్గం 24. మొదటి రెండు వర్గాలూ గుర్తు చెప్పినట్టే వింటాయి. కిందివర్గం మాత్రం ఒక మెట్టు ఎక్కి పలుకుతుంది: ఏక్ పెడితే థో, థో పెడితే త్రీ. మకారం కిందివర్గం. కాబట్టి థో గుర్తున్న ‘చెక్క’ది త్రీ స్వరం, ఏక్ గుర్తున్న ‘కాదు’ది థో.

శంక: ‘కొత్త’లోనూ మకారమే, గుర్తూ ఏకే. మరి అది మెట్టెక్కదేం?

సమాధానం: దాని ముందు పలకని హకారం ఒకటి కూర్చుంది. పెళ్ళిచూపులకు తోడొచ్చిన పెదనాన్నలాంటిది. నోరు విప్పదు, కానీ మకారానికి పైవర్గపు హోదా ఇస్తుంది. అందుకే ‘కొత్త’ ఏక్‌లోనే ఉండిపోయింది. ‘కదా’కీ ఈ పెదనాన్నే తోడు. నెత్తిన గుర్తేమీ లేకపోయినా పైవర్గం కనక చత్తవాలో లేస్తుంది.

ఈ వర్గాలు ఎవరో సరదాకి పెట్టినవి కావు. థాయ్ వరస మన క ఖ గ ఘ ఙ వరసే. ఒకప్పటి గకారం కాలక్రమాన నోట్లో ఖకారమైంది. నగరం అక్కడ ‘నఖోన్’. గుడ్డు బొమ్మతో నేర్పే ఖ, గేదె బొమ్మతో నేర్పే గ, రెండూ ఇప్పుడు ‘ఖో’లే. గుడ్డుది పైవర్గం, గేదెది కిందివర్గం. హల్లులో చెరిగిన తేడా స్వరంలో మిగిలింది.

తాత్పర్యం: కొత్త చెక్క కాలదు కదా?

జవాబు: ‘మై మై’, అంటే కాలదు. మొదటిది కిందివర్గం మీద ఏక్, రెండోది పెదనాన్న తోడున్న థో. రాత వేరు, చెవికి మాత్రం రెండూ ఒక్కటే.