క్రెడిట్ల బాబాయి

రేసులున్న రోజుల్లో మలక్‌పేట ఇరానీ హోటల్లో రెండు బల్లల మీద లెక్కలు నడుస్తాయి. ఒకదాని మీద గుర్రాలవి, పక్కదాని మీద పిల్లలవి. రెండో బల్ల మా క్రెడిట్ల బాబాయిది.

ట్రెజరీలో చేసి రిటైరయ్యాడు. ఫోన్లో ఉన్న క్యాలిక్యులేటర్‌ను నమ్మడు, చొక్కా జేబులో సొంతది ఉంటుంది. పిల్లవాడు నమస్తే పెట్టేలోపే "ఎంతొచ్చింది బిడ్డా?" అంటాడు. ఆ భయానికి రిజల్టొచ్చిన వారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో వచ్చే కాలనీ పిల్లలు ఒక స్టేషన్ ముందే న్యూ మార్కెట్‌లో దిగి, సందుల్లో పడి ఇళ్ళు చేరతారు.

మొన్న జేఎన్‌టీయూ కింద బీటెక్ చదివే ఒకడు తండ్రితో సహా దొరికిపోయాడు. "మూడు సబ్జెక్టులు చెప్పు చాలు" అన్నాడు బాబాయి. మాథ్స్‌లో సీ, కెమిస్ట్రీలో బీ, ల్యాబ్‌లో ఓ.

"ఐదు, ఆరు, పది. కలిపి మూడుతో భాగిస్తే ఏడు గద సార్" అన్నాడు తండ్రి, మురిసిపోతూ.

"అది పదో తరగతి పాత లెక్క. అక్కడ ఆరు సబ్జెక్టులకూ ఒకటే తూకం. ఇక్కడ మాథ్స్, కెమిస్ట్రీ నాలుగేసి క్రెడిట్ల బస్తాలు. ల్యాబు ఒకటిన్నర, పొట్లం. గంజ్‌ల బస్తాను, పొట్లాన్ని ఒక్క తీర్గ లెక్కగడ్తరా?"

నాలుగైదులు 20, నాలుగార్లు 24, ఒకటిన్నర పదులు 15. మొత్తం 59. దాన్ని 9.5 క్రెడిట్లతో భాగిస్తే 6.21. తండ్రి ముఖం వాడింది. "పోనీ సార్, 62 శాతం." "అర తీసేసి పదితో గుణించాలె. 57.1." పక్క బల్ల మీది రేసుల సాబ్ తలెత్తి, "మా గుర్రం ఓడితేనే పైసలు పోతయి. మీరు గెల్చినోనివి గూడ కోస్తరా?" అన్నాడు.

పదో తరగతి జీపీఏ అంటే బాబాయికి ప్రాణం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో గ్రేడ్లొచ్చినప్పుడు ఆయనకు పట్టాభిషేకమే. లెక్కల్లో గీత అంచున నిలిచినవాడికీ, 100 వచ్చినవాడికీ ఒకే పది. గీతకు ఒక్క మార్కు తగ్గినవాడికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు తల్లులను ఓదార్చడంలోనే ఆయన ఎండాకాలాలు గడిచాయి. 2025లో తెలంగాణ మెమోల మీదికి మళ్ళీ మార్కులొచ్చి, గ్రేడ్లు మిగిలి, జీపీఏ పోయింది. వారం రోజులు బాబాయి హోటలుకు రాలేదు. దుఃఖంలో న్యాయమూ ఉందనుకోండి: మార్కులు కూడటానికి బాబాయెందుకు?

అప్పటినుంచి ఇంటి మీద పడ్డాడు. అన్నానికి నాలుగు క్రెడిట్లు, పప్పుకు మూడు, ఆవకాయకు అర. "పచ్చడికి ఓ గ్రేడొస్తె ఏం ఫాయిదా, అన్నం మెత్తగైతె సెమిస్టరే పాయె" అన్న రాత్రి పిన్ని ఆయన కంచంలో ఆవకాయ మాత్రమే వడ్డించింది.

ఆయన మెమో మాత్రం ఎవరూ చూడలేదు. అడిగితే "మా కాలంల డివిజన్లుండె. వాటిని జీపీఏల మార్చే సూత్రం లేదు" అని క్యాలిక్యులేటర్ జేబులో వేసుకుంటాడు.

"లేకేమి," వంటింట్లోంచి పిన్ని, "ఎన్నోసారి పాసైన్రో దాంతోని భాగించున్రి."